బరువు తగ్గే ఇంజెక్షన్ ఒకసారి మొదలుపెడితే జీవితాంతం వేసుకోవాల్సిందేనా?

వనపర్తి నుంచి ఒక టీచరమ్మ అడిగిన ప్రశ్న ఇది. వయసు 38, ఎత్తు 157 సెంటీమీటర్లు, బరువు 92 కిలోలు. బీపీ మాత్ర వేసుకుంటున్నారు. షుగరు అంచున ఉంది, మూడు నెలల సగటు షుగరు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 6.2. రెండు మోకాళ్లూ నొప్పి. హైదరాబాద్‌లో ఒక డాక్టరు వారానికోసారి వేసుకునే ఇంజెక్షన్ రాశారట. ఎన్నాళ్లు వేసుకోవాలని అడిగితే "చూద్దాం" అన్నారట. ఇంట్లో అత్తమ్మ "నోరు కట్టుకుంటే తగ్గేదానికి సూదులెందుకు" అంటున్నారట. ఇప్పుడు ఆమెకు మూడు సంగతులు తెలియాలి. ఇది జీవితాంతమా? ఆపితే మళ్లీ పెరిగేటట్టయితే అసలు మొదలుపెట్టడం ఎందుకు? అత్తమ్మ అనేది నిజమేనా?

నేను మిర్యాలగూడలో జనరల్ ఫిజీషియన్‌ని, ఇరవై రెండేళ్ల ప్రాక్టీసు. నాది వెయిట్ లాస్ క్లినిక్ కాదు, షుగరు, బీపీ చూసే మామూలు డాక్టర్ని. కాకపోతే నా ఓపీకి రోజూ వచ్చే జబ్బుల్లో సగం ఊబకాయమే, వేరే వేరే పేర్లతో వస్తుంది.

ముందే చెప్తున్నానమ్మా: అవును, చాలామందికి ఇది ఏళ్ల తరబడి వాడాల్సిన మందే. మీ బీపీ మాత్ర ఎలాగో ఇదీ అలాగే. ఆపితే తగ్గిన బరువులో ఎక్కువ భాగం ఏడాదిలో తిరిగొస్తుంది. అయినా మీరు రాసిన లెక్కలు చూస్తే మీకు మందు పనికొస్తుందనే అంటాను. కాకపోతే రెండో ఏడాది ఖర్చు ఎలా నడుస్తుందో ఇంట్లో కూర్చుని లెక్కేసుకోకుండా మొదటి సూది వేయించుకోవద్దు.

ఇక అత్తమ్మ మాట. ఆవిడను తప్పుపట్టే అర్హత నాకు లేదు, పదేళ్లు నేనూ ఆ మాటే అన్నాను. ఒకసారి ఓపీలో ఒకామె "నీళ్లు తాగినా ఒళ్లొస్తుంది సార్" అంది. "నీళ్లకే ఒళ్లొస్తే సాగర్ డ్యామ్ పక్కన ఉన్నోళ్లంతా ఏమైపోవాలమ్మా" అని జోకేశాను. కాంపౌండర్ నవ్వాడు, బెంచీ మీద కూర్చున్నవాళ్లు నవ్వారు, ఆమె కూడా నవ్వింది. తర్వాత రాలేదు. రెండున్నరేళ్లకు కాలి వేలు నల్లబడి వచ్చింది, షుగరు 380. మధ్యలో ఎందుకు రాలేదమ్మా అంటే, "జర తగ్గినంక వద్దామనుకున్న సార్" అంది. బరువు తగ్గాకే నాకు మొహం చూపిద్దామని అన్నాళ్లు ఆగింది.

తిండి తగ్గిస్తే బరువు తగ్గుతుంది, అందులో అబద్ధమేం లేదు. చిక్కంతా తగ్గిన తర్వాత వస్తుంది. ఒంట్లో కొవ్వు కణాలు లెప్టిన్ అనే హార్మోన్ వదులుతుంటాయి, 1994లో కనుక్కున్నారు దాన్ని. కొవ్వు తగ్గితే లెప్టిన్ పడిపోతుంది. మెదడు దాన్ని చూసి కరువొచ్చిందనుకుంటుంది. ఆకలి పుట్టించే గ్రెలిన్ పెరుగుతుంది, ఒళ్లు శక్తిని పొదుపుగా ఖర్చు పెట్టడం మొదలుపెడుతుంది. 2011లో ఆస్ట్రేలియావాళ్లు ఒక అధ్యయనం చేశారు. పది వారాలు గట్టి డైట్ చేసి తగ్గినవాళ్లను ఏడాది తర్వాత పరీక్షిస్తే, ఆకలి హార్మోన్లు అప్పటికీ పాత స్థాయికి రాలేదు. అంటే ఏడాదిగా వాళ్లు మామూలు కంటే ఎక్కువ ఆకలితో బతుకుతున్నారు. ఇంట్లోవాళ్లకు అది కనపడదు, "నోరు కట్టుకోలేకపోయింది" అనేది మాత్రం కనపడుతుంది.

మా ఊళ్లో రైతులకైతే నేను బోరు మోటారు లెక్కలో చెప్తాను. ఆటో స్టార్టర్ బిగించిన మోటారును మీరు ఆపి ఇంటికొస్తారు. రాత్రి కరెంటు పోయి వస్తుంది, అది దానంతటదే మొదలవుతుంది. పొద్దున పోయి చూస్తే మడి నిండి గట్టు తెగి ఉంటుంది. ఒంట్లో బరువుకూ అలాంటి స్టార్టరొకటి ఉంది. కొత్త మందులు దాని మీద పనిచేస్తాయి. మందు ఉన్నంతసేపు స్టార్టర్ ఆఫ్‌లో ఉంటుంది, అంతేగానీ ఊడిపోదు. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 2013లోనే ఊబకాయాన్ని జబ్బుగా గుర్తించింది, ఈ ధోరణి చూసే. మన దగ్గర ఇంకా బద్ధకం కిందే జమ కడుతున్నాం.

మీ లెక్కకు వద్దాం. 92 కిలోలకు, 157 సెంటీమీటర్లకు బీఎంఐ, అంటే ఎత్తుకు బరువు ఎంతుందో చూసే లెక్క, 37 దాటింది. మన భారతీయులకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అంటాం. తెల్లవాళ్లకు ఆ గీత 30 దగ్గర ఉంటుంది. మనకు పొట్టలో కొవ్వు త్వరగా చేరుతుంది, తక్కువ బరువుకే షుగరొస్తుంది, అందుకని గీత కిందికి జరిపారు. నడుము చుట్టుకొలత కూడా టేపుతో చూడండి, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, మగవాళ్లకు 90 దాటకూడదు. ఈ ఇంజెక్షన్లను మాత్రం బీఎంఐ 30 ఉంటే, లేదా బీపీ, షుగరు లాంటి జబ్బుతో 27 ఉంటే రాయమని లేబుల్ మీదుంది. మీరు ఎటు చూసినా అందులోకి వస్తారు. పెళ్లికి ముందు నాలుగు కిలోలు తగ్గాలని వచ్చే అమ్మాయిలు ఈ లెక్కలోకి రారు, వాళ్లను నేను తిప్పి పంపేస్తాను.

ఏ మందులున్నాయి? పేర్లు చాలా వినిపిస్తాయి గానీ పని చేసేవి కొన్నే.

సెమాగ్లూటైడ్: బరువు కోసం వచ్చేది వెగోవీ, 2025 జూన్‌లో మన దేశానికి వచ్చింది. మనం తిన్నప్పుడు పేగులు జీఎల్‌పీ-1 అనే హార్మోన్ వదులుతాయి, చాలు అని మెదడుకు కబురు పంపేది అదే. అసలు హార్మోన్ రెండు మూడు నిమిషాల్లో కరిగిపోతుంది. ఈ మందు దాని నకలు, ఒంట్లో సగం తగ్గడానికే వారం పడుతుంది, అందుకే వారానికి ఒక్క సూది సరిపోతుంది. 0.25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, నాలుగేసి వారాలకు పెంచుకుంటూ 2.4 దాకా పోతాం. 2021లో వచ్చిన పెద్ద అధ్యయనంలో 68 వారాలకు సగటున 14.9 శాతం బరువు తగ్గింది, పోల్చి చూడ్డానికి మందు లేని ఉత్త సూది వేసుకున్నవాళ్లకు 2.4 శాతం. మీకైతే దాదాపు 13, 14 కిలోలు. అప్పటికీ మీ బీఎంఐ 31 పైనే ఉంటుంది. సినిమా హీరోయిన్ అవుతానని ఆశ పెట్టుకోవద్దు. మోకాళ్లకు, బీపీకి మాత్రం 14 కిలోలు చాలా పెద్ద తేడా.

టిర్జెపటైడ్: మౌంజారో పేరుతో 2025 మార్చిలో వచ్చింది. జీఎల్‌పీ-1తో పాటు జీఐపీ అనే ఇంకో హార్మోన్ పని కూడా చేస్తుంది. 2.5తో మొదలు, అవసరాన్ని బట్టి 15 దాకా. 72 వారాలకు 5 మిల్లీగ్రాముల మీద 15 శాతం, 15 మిల్లీగ్రాముల మీద దాదాపు 21 శాతం తగ్గారు. రెండింటినీ పక్కపక్కన పెట్టి 2025లో చూస్తే ఇదే ముందుంది. నా పేషెంట్లలో చిన్న మోతాదులోనే చాలామంది నిలదొక్కుకుంటున్నారు, మా దగ్గర 15 దాకా పోయినవాళ్లు తక్కువ.

ఆర్లిస్టాట్: పాత గోలీ. తిన్న కొవ్వులో దాదాపు మూడో వంతును అరగనీయదు, అది అలాగే బయటికి పోతుంది. ఎలా పోతుందంటే, మా దగ్గరి చిన్న నాయకుడొకాయన తెల్ల ఖద్దరు ప్యాంటు వేసుకుని, ఈ గోలీ మింగి, దావత్‌లో మటన్ తిన్నాడు. మధ్యాహ్నం మీటింగులో స్టేజీ మీద కుర్చీలోంచి లేవలేక చివరిదాకా కూర్చున్నాడు. మర్నాడు స్ట్రిప్ తెచ్చి నా టేబుల్ మీద విసిరేశాడు. నిజానికి ఆ మందు తప్పేం లేదు, నూనె తగ్గించి తినేవాళ్లకు ఫరవాలేదు, కాకపోతే తగ్గేది కొద్దిగానే. విటమిన్ ఎ, డి, ఇ, కె కూడా సరిగా అందవు.

మెట్‌ఫార్మిన్ షుగరు మందు, బరువు రెండు మూడు కిలోలు తగ్గిస్తే గొప్ప. మీ షుగరు అంచున ఉంది కాబట్టి మీ డాక్టరు దాన్ని కూడా రాయొచ్చు, అందులో గాబరా పడాల్సిందేం లేదు.

"ఆపితే ఏమవుతుంది?" మీ అసలు ప్రశ్న ఇదే కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను.

సెమాగ్లూటైడ్ అధ్యయనంలో పాల్గొన్న కొందరిని మందు ఆపాక ఏడాది చూశారు. తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది. టిర్జెపటైడ్‌తో ఇంకో రకంగా చూశారు. 36 వారాలు అందరికీ మందిచ్చారు, సగటున 21 శాతం దాకా తగ్గారు. తర్వాత సగంమందికి చెప్పకుండా ఉత్త సూదికి మార్చారు. మందు సాగినవాళ్లు ఇంకో ఐదున్నర శాతం తగ్గారు, ఉత్త సూది పడ్డవాళ్లు 14 శాతం పెరిగారు.

నా దగ్గర ఒక రైస్ మిల్లు యజమాని ఉన్నాడు, 51 ఏళ్లు, 118 కిలోలు. మా ఊళ్లో మిల్లులకు కొదవ లేదు కాబట్టి ఎవరో పోల్చుకోలేరు. పదకొండు నెలల్లో 96కు వచ్చాడు. రెండు బీపీ మాత్రలు ఒకటయ్యాయి, రాత్రి గురక తగ్గి వాళ్లావిడ మళ్లీ అదే గదిలో పడుకుంటోందని ఆయనే సిగ్గుపడుతూ చెప్పాడు. బిడ్డ పెళ్లి కుదిరింది. ఇక సరిపోయింది సార్, ఖర్చు కూడా ఉంది అని ఆపేశాడు, నాకు చెప్పకుండా. తొమ్మిది నెలలకు వచ్చినప్పుడు 111. "పెళ్లి భోజనాలు సార్" అని తనను తానే తిట్టుకుంటున్నాడు. పెళ్లి భోజనాలు పది రోజులు. మిగతా ఎనిమిదిన్నర నెలలు చేసింది ఆటో స్టార్టరే. బీపీ మాత్ర ఆపాక బీపీ పెరిగితే ఎవరూ సిగ్గుపడరు, మందు ఆపాను కాబట్టి పెరిగిందంటారు. ఇక్కడ మాత్రం మనిషి తల దించుకుంటున్నాడు.

మరి తిరిగొచ్చేదానికి ఎందుకు వేసుకోవాలి? వేసుకున్నన్ని రోజులు దక్కే లాభం నిజమైనది కాబట్టి. టిర్జెపటైడ్ అధ్యయనంలో మీలాగే షుగరు అంచున ఉన్న వెయ్యిమందికి పైగా జనాన్ని 176 వారాలు, అంటే మూడేళ్లకు పైగా చూశారు. మందు వేసుకున్నవాళ్లలో 1.3 శాతం మందికి షుగరొచ్చింది, ఉత్త సూది వాళ్లలో 13.3 శాతం మందికి. మీ 6.2 చూసి నేను మందు వైపు మొగ్గడానికి పెద్ద కారణం ఇదే. సెమాగ్లూటైడ్‌ను ముందే గుండెజబ్బు ఉండి షుగరు లేని 17,604 మందిలో చూస్తే గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు చావులు కలిపి 20 శాతం తగ్గాయి, 2023లో వచ్చిన ఫలితం. మీ 38 ఏళ్ల వయసులో ఐదేళ్లు షుగరు ఆలస్యమైనా కళ్లకు, కిడ్నీలకు అది చిన్న లాభం కాదు.

కొందరు మోతాదు తగ్గించుకుని నిలబెట్టుకుంటున్నారు. నేను కూడా బరువు ఆరు నెలలు కదలకుండా ఉన్నవాళ్లకు ఒక మెట్టు దించి చూస్తాను. నెలకు కిలో చొప్పున రెండు నెలలు పెరిగితే మళ్లీ పాత మెట్టు. పూర్తిగా ఆపి కూడా నిలబెట్టుకున్నవాళ్లు నా దగ్గర ఉన్నారు, వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందులో ఒకాయన రోజూ పొద్దున పానగల్ చెరువు కట్ట మీద గంటన్నర నడుస్తాడు, వానొచ్చినా మానడు. అందరికీ అలా కుదరదు.

డబ్బు లెక్క. మౌంజారో వచ్చిన కొత్తలో 2.5 మిల్లీగ్రాముల వయల్ (మందు చిన్న సీసా) 3,500, 5 వయల్ 4,375 రూపాయలు. వారానికొకటి, నెలకు నాలుగంటే 5 మీద 17,500, ఏడాదికి రెండు లక్షలు దాటుతుంది. టీచరు జీతంలో అది ఎంతో మీకే తెలుసు. సెమాగ్లూటైడ్ సంగతి వేరు, మన దేశంలో దాని పేటెంట్ గడువు 2026 మార్చి వరకే. ఆ తర్వాత మన కంపెనీల జెనెరిక్‌లకు దారి తెరుచుకుంటుంది కాబట్టి, మీ డాక్టరును "సార్, ఇందులో తక్కువ ధరది ఏముంది" అని మొహమాటం లేకుండా అడగండి. ఈ ధరలు నెల నెలకూ మారుతున్నాయి, మెడికల్ షాపులో ఆ రోజు రేటు కనుక్కోండి. చిట్టీ ఎత్తి ఆరు నెలల మందు కొని, తర్వాత ఆపేయాల్సిన పరిస్థితైతే, ఆ చిట్టీ డబ్బు దాచుకోండి. ఈ మాటకు నా మీద కోపమొచ్చినవాళ్లున్నారు.

సర్జరీ గురించి మీరు అడగలేదు, అయినా చెప్పడం నా ధర్మం. బీఎంఐ 37కి, బీపీ కూడా ఉంటే, పొట్ట చిన్నది చేసే ఆపరేషన్‌కు కూడా మీరు అర్హులే. తగ్గేది సగటున పాతిక శాతం దాకా ఉంటుంది, ఖర్చు ఒక్కసారే. ఆపరేషన్ అంటే భయం సహజం. మూడేళ్ల సూదుల బిల్లు, ఆపరేషన్ బిల్లు పక్కపక్కన రాసుకుని చూస్తే కొందరి మనసు మారింది.

ఇబ్బందులు. మొదటి రెండు నెలలు వికారం, తేన్పులు, మలబద్ధకం, కొందరికి విరేచనాలు. సూది వేసుకున్న మర్నాడు, ఆ తర్వాతి రోజు ఎక్కువ. శుక్రవారం సాయంత్రం వేసుకోండి, శని, ఆదివారాలు ఇంట్లో గడిచిపోతాయి, క్లాసులో నిలబడి వాంతి ఆపుకోవాల్సిన పని ఉండదు. ఆ రెండు రోజులు పూరీలు, బజ్జీలు, మటన్ పులుసు జోలికి పోవద్దు. ఇబ్బంది ఎక్కువుంటే పెంచే మోతాదు ఇంకో నెల వాయిదా వేయడం తప్పేం కాదు. తొందరపడి పెంచినవాళ్లే మధ్యలో మానేస్తారు.

పై కడుపులో మొదలై వీపులోకి పొడిచే నొప్పి, ఆగని వాంతులు ఉంటే అది గ్యాస్ అనుకుని ఈనో తాగి పడుకోవద్దు. పాంక్రియాస్ వాపు కావచ్చు, గాల్‌బ్లాడర్ రాళ్లు కావచ్చు, ఆ రాత్రే ఆసుపత్రికి పోవాలి. మీకు గానీ, మీ రక్తసంబంధీకుల్లో ఎవరికైనా గానీ మెడుల్లరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ ఉంటే ఈ సూదులు అసలు వద్దు. మామూలు థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లకు అడ్డేం లేదు. ఏ ఆపరేషన్‌కు పోయినా మత్తు డాక్టరుకు ఈ మందు సంగతి ముందే చెప్పాలి, పొట్ట ఖాళీ అవడం ఆలస్యమవుతుంది కాబట్టి.

ఇంకో బిడ్డ కావాలనుకుంటే సెమాగ్లూటైడ్‌ను రెండు నెలల ముందే ఆపాలి. గర్భనిరోధక మాత్రలు వాడుతూ టిర్జెపటైడ్ మొదలుపెడితే, మొదటి నాలుగు వారాలు, మోతాదు పెంచిన ప్రతిసారీ నాలుగు వారాలు నిరోధ్ కూడా వాడాలి. మాత్ర ఒంటికి సరిగా పట్టదు. బరువు తగ్గితే అండాలు బాగా విడుదలవుతాయి కూడా. ఈ రెండూ కలిసి అనుకోకుండా నెల తప్పి వచ్చినవాళ్లు నా దగ్గరే ఇద్దరు.

మీకు షుగరు మాత్రలు లేవు గానీ ఇది చదివే వేరేవాళ్ల కోసం చెప్తాను. గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర, లేదా ఇన్సులిన్ వేసుకునేవాళ్లు ఈ సూది మొదలుపెట్టే రోజే వాటి మోతాదు గురించి డాక్టరుతో మాట్లాడాలి. హాలియా వైపు కిరాణా కొట్టాయన ఒకరు, సూది మొదలయ్యాక ఆకలి లేదని పొద్దున టీ ఒక్కటే తాగాడు. మాత్ర మాత్రం అలవాటు ప్రకారం మింగాడు. పదకొండింటికి త్రాసులో పప్పు పోస్తూ పోస్తూ అలాగే ఒరిగిపోయాడు. కొడుకు చక్కెర నోట్లో పోసి తెచ్చాడు, షుగరు 52. తప్పు నాది కూడా. మాత్ర సగం చేయమని చీటీలో రాశాను, నోటితో చెప్పలేదు.

మందు తెచ్చుకోవడం, దాచుకోవడం. దీని గురించి హైదరాబాద్ డాక్టర్లు ఎక్కువ చెప్పరు, వాళ్లకు అవసరం పడదు. ఈ మందు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, అంటే ఫ్రిజ్‌లో మామూలు అర మీద. మౌంజారో అయితే బయట 30 డిగ్రీల లోపు 21 రోజులు నిలుస్తుంది. ఒక్కో మందుకు ఈ లెక్క వేరు, డబ్బాలో కాగితం చూడండి. మన నల్గొండ, పాలమూరులో మే నెలలో ఇంట్లో గోడలే 38 డిగ్రీలుంటాయి, ఇక బయట సంగతి చెప్పక్కర్లేదు. దేవరకొండ నుంచి వచ్చే ఒకావిడ హైదరాబాద్‌లో వయళ్లు కొని, స్టీలు టిఫిన్ డబ్బాలో ఐస్ ముక్కలు పోసి, వాటి మధ్య వయళ్లు గుచ్చి బస్సెక్కింది. ఎంత జాగ్రత్తో చూడండి. దిగేసరికి రెండు గడ్డకట్టాయి. కరిగాక చూస్తే పైకి ఏ తేడా లేదు, నీళ్లలా తేటగానే ఉన్నాయి. కానీ ఒకసారి గడ్డకట్టిన మందు పారేయాల్సిందే. ఏడెనిమిది వేలు మోరీలో పోయించినందుకు ఆమె నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. ఐస్ ప్యాక్‌ను తువ్వాలులో చుట్టండి, మందును డబ్బాతో సహా వేరేగా పెట్టండి, రెండూ ఆనుకోకూడదు. ఇంట్లో పాత సింగిల్ డోర్ ఫ్రిజ్ అయితే పైన ఐస్ పెట్టె కింద పెట్టొద్దు, నడిమి అరలో పెట్టండి.

ఇన్‌స్టాలో, జిమ్‌లో "సేమ్ మందు, సగం రేటు" అని అమ్మేవాళ్ల దగ్గర కొనకండి. సెమాగ్లూటైడ్ నకిలీల మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లోనే హెచ్చరించింది. బిల్లు, బ్యాచ్ నంబరు లేనిది ముట్టుకోవద్దు. ఆయుర్వేదం పేరుతో వచ్చే పొడులు ఇంకా పెద్ద గండం. సిబుట్రమిన్ అనే పాత మందు గుండెపోట్లు తెస్తుందని మన దేశంలో 2011లో నిషేధించారు. అది చాలా దేశాల్లో ఇలాంటి "మూలికల" పొడుల్లో కలిపి దొరికింది.

తిండి సంగతి. మందు ఆకలి తగ్గిస్తుంది, ఏం తినాలో చెప్పదు. తగ్గే బరువులో పావు వంతు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ, కొవ్వు కాదు, కండ. ఆకలి లేదని రెండు ముద్దల చారన్నం తిని లేస్తే కండ ఇంకా పోతుంది, ఆరు నెలలకు బరువు తగ్గుతుంది గానీ మెట్లెక్కలేరు. కాబట్టి కంచంలో ముందు గుడ్డు, చికెన్, పెసర్లు, ఉలవలు, పెరుగు తినండి. తర్వాత కూర, చివరికి ఖాళీ ఉంటే అన్నమో, మీ పాలమూరు జొన్న రొట్టో. చాలామంది జొన్న రొట్టె ఎన్నైనా తినొచ్చనుకుంటారు, అదీ పిండే. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, పొద్దున పది, సాయంత్రం పది. మోకాళ్లు ఒప్పుకున్నంత వరకే.

మోకాళ్ల దగ్గరే ఒక అనుమానం మిగిలింది. మీరు బరువు గత మూడేళ్లలోనే ఎక్కువ పెరిగిందని రాశారు, నొప్పి కూడా అప్పటి నుంచే. మర్రిగూడ వైపు నుంచి నా దగ్గరికి వచ్చేవాళ్లలో కీళ్ల నొప్పి అంటే ఫ్లోరైడ్ అనుకుని, ఆర్‌ఎంపీ దగ్గర రోజుకొక చిన్న గోలీ ఏళ్ల తరబడి మింగినవాళ్లను చాలామందిని చూశాను. నొప్పి మాయమవుతుంది, ఆకలి రెండింతలవుతుంది, మొహం గుండ్రంగా ఉబ్బుతుంది, పొట్ట మీద ఎర్రటి చారలొస్తాయి. అది స్టెరాయిడ్. అది వాడుతూ పైన ఇంకో ఇంజెక్షన్ వేస్తే ఒక చేత్తో పోస్తూ ఇంకో చేత్తో తోడుతున్నట్టే. అలాగని సొంతంగా ఒక్కసారే ఆపొద్దు, ప్రమాదం, నెమ్మదిగా దించాలి. థైరాయిడ్ చూసే టీఎస్‌హెచ్ పరీక్ష చేయించకపోతే అది కూడా చేయించండి.

మీరు మోకాళ్లకు ఏ మాత్ర వేసుకుంటున్నారో రాయలేదు. స్ట్రిప్ ఉంటే వెనక వైపు పేరు కనపడేలా ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, అది చూశాక సూది సంగతి మాట్లాడదాం. విడి మాత్రలు కాగితంలో పొట్లం కట్టి ఇస్తున్నారంటే, ఆ పొట్లంతో సహా హైదరాబాద్ డాక్టరు దగ్గరికి పట్టుకుపోండి.